‘తెలుస్తోంది’ అని రాసిన వార్త

సోమవారం, జమ్మలమడుగు
హైస్కూలు క్లర్కు రామాంజనేయులు తన పొలం బావిలో పడి చనిపోయాడు. ఆత్మహత్యేనని ఊరంతా అంటోంది. టీ అంగడి దగ్గర వాళ్ల వీధి మనిషొకడు— “పొద్దన్నే పెండ్లాంతో కొట్లాడి పోయినాడప్పా.”
మా పేపరు ప్రొద్దుటూరు డెస్కు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. “కారణం లేకుంటే అది వార్త ఎట్లయితాది? తొందరగా పంపు.”
రాశాను. ‘భార్య సరోజతో గొడవలే కారణమని తెలుస్తోంది.’
సరోజను అడగలేదు. ఇల్లు రెండు వీధుల అవతలే... పోలేదు.

మంగళవారం
జిల్లా పేజీలో పైనే వేశారు. ఆమె పేరుతో సహా.

గురువారం
ఎస్సై పిలిచి చెప్పాడు. “ఆత్మహత్య కాదప్పా. మోటారు స్టార్టర్ కాడ కరెంటు కొట్టి బావిలో పడినాడు. చేయి కాలిందని డాక్టరు రాసిచ్చినాడు.”


శుక్రవారం
తప్పు ఒప్పుకుంటూ అదే చోట, అంతే పెద్దగా వేయమని డెస్కు ఇన్‌చార్జిని అడిగాను. నవ్వాడు. “మన తప్పు మనమే చాటుకుంటామా? లోపల రెండు లైన్లు వేస్తాలే.”

శనివారం
వేశారు. ‘క్లర్కు మృతికి విద్యుత్ షాకే కారణం.’ గొడవల మాట అబద్ధమని ఎక్కడా లేదు.

ఆదివారం
ఇప్పుడు పోయాను ఆ ఇంటికి. రామాంజనేయులు తల్లి ఒక్కతే ఉంది. “కోడల్ని పులివెందులకు, వాళ్లమ్మ ఇంటికి పంపించేసినాం నాయనా. ఏమీ లేంది పేపర్లో ఊరికే రాస్తారా?”
రాసింది నేనేనని చెప్పలేకపోయాను.

మంగళవారం, పులివెందుల
సరోజ ఎదురుగా కూర్చున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.
“తెలుస్తోంది అని రాసినారే... ఎవరికి తెలుస్తాంది సార్?”
టీ అంగడి దగ్గర విన్న మాట చెప్పాను.
“కొట్లాడింది నిజమే. రాత్రంతా జ్వరం ఆయనకు. ఈపొద్దు బావి కాడికి పోవద్దంటి. వినలేదు. అరిస్తి. అదీ మా కొట్లాట.”
తర్వాత ఒక్కటే అడిగింది. “మా అత్తకు చెప్పండి. పదకొండో దినానికన్నా నన్ను ఆ ఇంట్లోకి రానిస్తే చాలు.”

బుధవారం, జమ్మలమడుగు
చెప్పాను. రాసింది నేనేనని. ఎవరో అన్న మాట పట్టుకుని, ఇంటి దాకా రాకుండానే రాశానని. జ్వరం సంగతీ చెప్పాను.
ముసలామె నా మొహంలోకి చూసింది.
“ఆపొద్దు అబద్ధం రాసినోడివి... ఈపొద్దు చెప్పేది నిజమని ఎట్ల నమ్మేది నాయనా?”
పదకొండో దినం రేపే.