గుడ్డు మానిపించిన పెదనాన్నకు

రేపల్లె,
మే 8, 2025.

పెదనాన్న మార్కు గారికి, మీ తమ్ముడు అంద్రెయ కొడుకు దీపక్ వందనాలు. బాపట్లలో మీరు, మీ సంఘం, మీ మైకు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమేనని రాయడం మర్యాద. ఆ మర్యాద నాకు చేతకాదు.

నాన్న రెండో ఆపరేషను కోసం వచ్చే శుక్రవారం మా ఇంట్లో ఉపవాస కూటం పెడతానని, సంఘాన్ని ఆటోలో ఎక్కించుకొని వస్తానని కబురు చేశారు. రావద్దు. ఫోన్లో చెబుదామంటే మీరు ప్రార్థన మొదలుపెడతారు, ఆపరు. అందుకే రాస్తున్నాను.

మొదటి ఆపరేషనుకి ముందే తెనాలి డాక్టరు మీ ఎదురుగానే చెప్పాడు. క్యాన్సరుకి నిరుడు నాన్న గొంతు మీద కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు కాబట్టి అక్కడి కండ త్వరగా అతుక్కోదని, పైగా షుగరు, చుట్ట, ఒంట్లో రక్తం తక్కువని. రోజూ గుడ్లు, పాలు, మాంసం తిని బరువు పెరగకపోతే కుట్లు విడిపోతాయని. మీరూ తలూపారు.

చుట్ట లేనిదే పొలం గట్టు మీద కూర్చోలేని మనిషి, చుట్ట మానేశాడు. అమ్మ గుడ్లు ఉడకబెట్టింది. అంతలో శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరు దాకా మనవాళ్లు నీచు ముట్టరు, సాయంత్రం దాకా పస్తుంటారు, సరే. రోగులకి అక్కర్లేదని మా పాస్టరు అయ్యగారే అన్నారు. మీరు ఒప్పుకోలేదు. ఏరా అంద్రెయా, ప్రభువు నీకోసం సిలువ మోశాడు, నువ్వు గుడ్డు మానలేవంట్రా అని గుడి బయట అందరి ముందూ ఎగతాళి చేశారు. నేను అడ్డొస్తే, ఐసు దిమ్మలు లాగేవాడికి దేవుడి సంగతేంటి, పోరా ఫ్యాక్టరీకి అన్నారు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. మానేశాడు.

పండగ అయ్యాక, చొక్కా కొక్కేనికి తగిలించినట్టున్న మనిషిని ఆపరేషను బల్ల ఎక్కించాం. ఏంటమ్మా, తిండి పెట్టలేదా అని డాక్టరు అమ్మని తిట్టాడు. గడ్డ పెరుగుతోంది, ఇంకా ఆగడానికి వీల్లేదన్నాడు. అమ్మ మీ పేరు చెప్పలేదు.

వారం తిరిగేసరికి లోపల కుట్లు విడిపోయాయి. ఉమ్మి మెడలోంచి బయటికి కారేది. గుడ్డ పెట్టి తుడిచింది నేను. మీరొచ్చి, వాసనకి ముక్కు మూసుకొని, గుమ్మంలోనే నిలబడి, వీడికి విశ్వాసం తగ్గిందన్నారు. తగ్గింది తిండి, పెదనాన్నా.

కూటం మీ ఇంట్లో పెట్టుకోండి. మీ కడుపులు మాడ్చుకోండి. మా గడప తొక్కితే పెద్దాయనని కూడా చూడను.

ఇట్లు,
ఇక మీకేమీ కాని
దీపక్

తా.క.: మీరు వచ్చినా చూడ్డానికి ఎవరూ లేరు. ఉమ్మికి నాని నాని మెడలో పెద్ద రక్తనాళం తెగింది. నాన్న మొన్న పోయాడు. నిన్న మట్టి చేశాం. అన్నగారి కోసం ఆగుదామా అని అయ్యగారు అడిగారు. కబురు చేశాం, రానన్నారని చెప్పాను. పోయే ముందురోజు, గొంతు లేదు కాబట్టి, నాన్న పలక మీద రాశాడు, అన్నయ్యని పిలవండి అని. అమ్మ చూడకముందే చెరిపేశాను.