అస్తరు కింద కాగితం

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నువ్వూ, తమ్ముడూ, మరదలూ బాగున్నారని తలుస్తాను. మీరైనా నిజంగా బాగుండాలి.

నీ ఉత్తరం మొన్నటి సత్రంలో అందింది. కాళ్ల సంగతి అడిగావు. ఎడమ మడమ మీద బొబ్బ చితికింది, దాని మీదే రోజూ నడక. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇవాళ తెల్లారేసరికి వాన. కుట్టు దుకాణం ఎవరు చూస్తున్నారన్నావు. ఎవరూ చూడడం లేదు. బట్టలన్నీ ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేసి, మిషను మీద దుప్పటి కప్పి తాళం వేసి వచ్చాను. అత్తయ్యతో గొడవ పడుతున్నానా అని కూడా అడిగావు. పందొమ్మిది రోజులు పక్కపక్కన నడిచాక గొడవ పడడానికి ఊపిరెక్కడిది? నేను ఆగితే ఆవిడా ఆగి, నన్ను చూడకుండా ఎటో చూస్తూ నిలబడుతుంది. మరీ కోపం వచ్చినప్పుడు మాత్రం మీ అమ్మ నిన్ను గారం చేసి చెడగొట్టింది అంటుంది. ఆ మాట నీకు చేరవేయడం నా ధర్మం.

కొడుకు తిరిగొస్తే కాలినడకన కొండకి వస్తానని మొక్కుకోవడం లోకం తీరు. ఈవిడది తిరకాసు మొక్కు. ముందు తనే నడిచేస్తే, దేవుడు మొహమాటపడి కొడుకుని పంపిస్తాడట. రెండేళ్ల కిందట పనికని వెళ్లి మళ్లీ గడప తొక్కని మనిషి కోసం ప్రతి సత్రంలోనూ ఆనవాళ్లు చెప్పి అడుగుతుంది. పొడుగ్గా ఉంటాడు, చెవి పక్కన మచ్చ, కొంచెం వంగి నడుస్తాడు. అందరూ చూడలేదనే అంటారు. నేను పక్కనే నిలబడి తలాడిస్తాను. ఆ మచ్చ ఎడమ చెవి దగ్గరని సరిచేస్తాను కూడా.

ఇవాళ దారంతా బురద. గొడుగు తిరగబడి ఊచలు విరిగాయి. మధ్యాహ్నానికి ఈ సత్రం చేరేసరికి ఒంటి మీద పొడి నూలుపోగు లేదు. వరసగా ఇనప మంచాలు, పైన తాళ్ల మీద ఎవరెవరివో తడి బట్టలు. నాకు వణుకు పట్టుకుంటే అత్తయ్య నన్ను పడుకోబెట్టి, ఆరబెడతానని రెండు సంచులూ తీసుకుని వంటగదిలో పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఇక్కడ నీకొకటి చెప్పాలమ్మా. అతని కబురేమైనా తెలిసిందా అని నువ్వు అడిగితే పోయిన ఉత్తరంలో లేదని రాశాను. అది అబద్ధం. మేం బయల్దేరే ముందురోజు అతని ఉత్తరం వచ్చింది. అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడట. తిరిగి రాడట, వెతకొద్దన్నాడు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నీకూ చెప్పలేదు. నా సంచి అడుగున లోపలివైపు కుట్టిన గుడ్డ, ఆ అస్తరు విప్పి, ఉత్తరం దాని కింద పెట్టి మళ్లీ కుట్టేశాను. అత్తయ్య గుండె తట్టుకోలేదని దాచాననుకుంటావేమో. అది సగమే. కొడుకే రాడని తెలిస్తే ఆవిడకి నేనేమవుతాను? ఏ వరస కలిపి ఆ ఇంట్లో ఉంచుకుంటుంది? ఆవిడకి ఆశ ఉన్నన్నాళ్లే నేను కోడలిని. అందుకోసం ఆ ముసలి ప్రాణాన్ని ఇంత దూరం ఊరికే నడిపించాను. నాకు సిగ్గుగా ఉంది.

అస్తరు కింద నీళ్లు నిలిచాయని ఆవిడ కుట్లు విప్పింది. నేను లేచి వెళ్లేసరికి ఆ ఉత్తరం రెండు కాగితాలనీ గోరువెచ్చటి గిన్నె మూత మీద పరిచి, మడతలు పోయేలా అరచేత్తో రుద్దుతోంది. ఆవిడకి చదువు రాదు. నాకేదో ముఖ్యమైన కాగితమనుకుని ఆరబెట్టడం మొదలుపెట్టిందట. వెనక్కి తిప్పి తడిమేసరికి అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలాయి.

"వాడు చిన్నప్పుడు బలపాలు విరిగేలా రాసేవాడు," అంది. "ఎప్పుడొచ్చిందే ఇది?"

చెప్పాను. వస్తాడా అని అడిగింది. రాడన్నాను. ఇంకొకామె సంగతీ చెప్పేశాను. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితాలు తిరగేసి మళ్లీ మూత మీద పరిచింది.

"నా ఊసెత్తాడా?"

రెండు కాగితాల్లోనూ ఆవిడ మాట ఒక్కటీ లేదమ్మా.

"ఎత్తాడు అత్తయ్యా. అమ్మని జాగ్రత్తగా చూసుకోమన్నాడు."

"ఏదీ, ఎక్కడ?"

వేలు చాపింది. ఆ వేలు పట్టుకుని ఏదో ఒక వరస మీద పెట్టాను. ఆ చివరిదాకా మెల్లగా తడిమింది, మళ్లీ మొదటికొచ్చి తడిమింది. నేనిది రాస్తున్నంతసేపూ పక్క మంచం మీద కాగితం ఒళ్లో పెట్టుకుని అదే చేస్తోంది. వాన తగ్గలేదు. కొండ ఇంకా ఎనిమిది రోజుల దారి. రేపు ఎటు నడవాలో ఆవిడ చెప్పలేదు, అడిగే మొహం నాకు లేదు.

ఆవిడ తడుముతున్న వరసలో ఏముందో నీకొక్కదానికే చెబుతున్నాను, ఎవరితోనూ అనకు. 'పాపకి మూడో నెల' అని ఉంది.

ఇట్లు,
నీ కూతురు