కొండ అంచున రెయిలింగ్

బావగారూ,

తమ్ముణ్ణి చంపింది సముద్రం కాదు, మీరే. ఫొటోలకు అడ్డొస్తోందని కొండ అంచున రెయిలింగ్ పీకించిన పర్యాటక అధికారి మీరే కదా!

వాడు చేసే గైడు పని మీకు తెలియనిదా? వచ్చినవాళ్ల వెనక జలపాతం కనబడాలంటే, ఫోన్ పట్టుకున్న గైడు సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి.

"ఇంకాస్త వెనక్కి జరుగన్నా, మా అత్తగారు రావట్లేదు ఫొటోలో" అన్నాడట ఒకాయన.

"ఆవిణ్ణి వదిలేస్తే ఇంట్లో మీకు అన్నం పుడుతుందా సార్!" అని నవ్వుతూ మావాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. రెయిలింగ్ ఉన్నన్నాళ్లూ ఆ అడుగుకు వీపుకి ఇనుము తగిలేది.

మీరేమో రిపోర్టులో "గైడు అజాగ్రత్త" అని రాశారు. సెలవుల రద్దీ పోతుందని వెతుకులాట ఆపించి, టికెట్లు అమ్మించారు. అక్క నిలదీస్తే, "పోయినవాడు తిరిగొస్తాడా?" అన్నారట. రాడు. మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేననీ తెలుసు. అయినా అడుగుతున్నాను:

రెయిలింగ్ మళ్లీ పెట్టించండి.

"అజాగ్రత్త" అన్న మాట కొట్టేయండి.

పడవల్ని మళ్లీ పంపండి, శవమైనా ఇప్పించండి.

మా గుమ్మం తొక్కకండి. అక్కను మాత్రం పంపండి, అమ్మను పట్టుకోవడం నా ఒక్కడివల్ల కావట్లేదు.