గుంట లేని మగ్గం

పెడన

అమ్మకు,

నీ కూతురు రజని రాసేది. ఇక్కడ నేనూ, ఇల్లూ, పక్కింటి నాంచారయ్య మావయ్యా క్షేమం. నువ్వు కూడా క్షేమమని రాశావు గానీ మోకాళ్ల ఊసే ఎత్తలేదు. అందుకని సగమే నమ్మాను. హాస్టల్ వంటింట్లో నిలబడి నిలబడి వాచాయని నాకు తెలుసు. బల్ల వేయించమని వాళ్లని గట్టిగా అడుగు. అడగవు, నాకు తెలుసు.

వానకి వసారా కురిసిందా అన్నావు. కురిసింది. పని ఎలా ఉంది అన్నావు. గుడివాడ దగ్గర జగన్మోహనరావు గారి ఫామ్‌హౌస్‌లో కర్టెన్లు, సోఫా కవర్లు అన్నీ నేనే కుట్టాను. నేర్పినవాళ్లు లేరు, ఫోన్లో వీడియోలు చూసి చేశాను. ఒక్క కుట్టు వంకరపోలేదు. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో పాలరాయి. అక్కడ ఎవరూ కాపురం ఉండరట. ఆదివారాలు వచ్చి వెళ్తారట. నాకు ఒళ్లు మండింది, కానీ కుట్టాను.

మగ్గం మీద దుప్పటి కప్పావా అని కూడా అడిగావు. దానికి జవాబు రాయడానికే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను.

నాకు ఆ కుట్టుపని ఇప్పించిన డెకరేటర్ సుమలత మేడం మనింటికి వచ్చినప్పుడు, వసారాలో తడుస్తున్న మగ్గాన్ని చూసింది. "ఫామ్‌హౌస్ హాల్లో పెడితే ఎంత బాగుంటుంది రజనీ! గృహప్రవేశం అయ్యాక పంపించేస్తాలే" అంది. తడవకుండా ఉంటుంది కదా అని ఇచ్చాను. పాలరాతి మీద బిగించారు. మగ్గం కింద గుంట లేదు. కూర్చునే మనిషి కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుంది మేడం అన్నాను. "ఇది చూడ్డానికేగా" అంది. "మీ అమ్మగారు నేసేవారన్నావుగా, పిలిపించు. మంచి చీర మనమే కడదాం. చుట్టాలొస్తుంటే నేస్తున్నట్టు కూర్చుంటే చాలు" అంది.

నిన్ను బొమ్మలా కూర్చోబెడతారట. "మా అమ్మ లేదండీ" అన్నాను.

ఊళ్లో లేదు, హైదరాబాదులో ఉంది అని చెప్పబోయాను. ఆవిడ అప్పుడే నా చెయ్యి పట్టుకుని, "అయ్యో, ఎప్పుడు పోయారు?" అంది.

నేను దిద్దలేదమ్మా. పోయిందనుకుంటే నీ జోలికి రారు కదా అనుకున్నాను. నీ పేరేమిటని అడిగితే అదీ చెప్పాను. ఎందుకని నేను అడగలేదు.

గృహప్రవేశం రోజున వెళ్లి చూస్తే మగ్గానికి బంతిపూల దండ. ముందు దీపం. ఇత్తడి రేకు మీద 'స్వర్గీయ వెంకటరత్నమ్మ గారి మగ్గం'. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి దణ్ణం పెడుతున్నారు. ఇంటావిడ రాధాకుమారి గారు నిజంగానే కళ్లు తుడుచుకుంటూ, "తల్లి లేని పిల్లవి, ఇది కట్టుకో అమ్మా" అని చీర పెట్టబోయింది. ఆవిడ మంచిదే. అదే నన్ను చంపింది.

దండ తెంపేశాను. దీపం ఆర్పేశాను. "మా అమ్మ బతికే ఉందండీ, హైదరాబాదులో వంట చేస్తోంది" అన్నాను.

"మరి లేదన్నావేంటే?" అంది మేడం.

"ఇక్కడ లేదన్నాను. చంపింది మీరు."

అలా అన్నాను గానీ అమ్మా, సగం చంపింది నేనే.

మేడం ఇక పనిలోకి రావద్దంది. రాధాకుమారి గారు మాత్రం ఆ రేకు తనే ఊడదీసి, "బతికున్న మనిషికి దీపం పెట్టించావు కదే నా చేత! తీసుకెళ్లు తల్లీ, మీ అమ్మ నూరేళ్లుండాలి" అంది. ట్రక్ ఆటోలో వేసుకుని పామర్రు మీదుగా ఇంటికి తెచ్చాను.

తెచ్చాక ఎక్కడ పెట్టాలి? నువ్వు వెళ్లిన ఏడాది నేనే కదా సరదాపడి ముందుగదిలో టైల్స్ వేయించింది. నీ గుంట పూడ్పించి మరీ వేయించాను. నువ్వు వచ్చి చూసి, "బాగుంది, తుడవడం తేలిక" అన్నావు. నీ కాళ్లు పెట్టుకునే చోటు నేనే మూశాను. వాళ్ల పాలరాయిని తిట్టుకునే హక్కు నాకెక్కడిది?

నిన్న గునపం తీసుకుని టైల్స్ పగలగొట్టాను. చప్పుడుకి నాంచారయ్య మావయ్య పరిగెత్తుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందే నీకు?"

"గుంట తవ్వుతున్నా మావయ్యా. ఎంత లోతు తవ్వాలి?"

"నన్నడిగితే? నా కాళ్లకి తవ్వితే అది నా గుంటవుద్ది. ఎవరి గుంట వాళ్ల కాళ్లదే."

అందుకని అక్కడికి ఆపాను. నిన్ను మళ్లీ నేయమనడం లేదు. నేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియనిది కాదు. నెయ్యకపోయినా సరే, వచ్చినప్పుడు కాళ్లు వేలాడేసుకుని కూర్చుందువు గానీ.

ఒక దారం తీసుకో. మోకాలి దగ్గర నుంచి అరికాలి దాకా కొలిచి తెంపు. వాపు ఉన్నా సరే, ఇప్పుడున్న కాలే కొలువు. ఆ దారం కవర్లో పెట్టి పంపు. అది వచ్చేదాకా గునపం గోడకే ఆనించి ఉంచుతాను.

ఇట్లు,
దారం కోసం చూస్తుండే నీ కూతురు,
రజని