స్కూల్లో కొలతలున్నాయి, నువ్వు రావద్దు

మామ్మా,

పనసాకు పొట్టిక్కలు తినకుండా వెళ్తున్నాను, తిట్టకు. గేదెకి కుడితి నువ్వే పెట్టు. మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని స్కూలుకి రావద్దు. మళ్లీ కొలిస్తే నాకు దిష్టి తగులుతుందని, కొలతలు తీసే నర్సమ్మగారితో దెబ్బలాడతానన్నావు చూడు, అది అసలే వద్దు.

పోయినసారి బరువు చూసి, నడుముకి టేపు చుట్టి, జబ్బ వెనక చర్మాన్ని పట్టకారులాంటి దాంతో పట్టి కొలిచేరు. ఒంట్లో కొవ్వు ఉండాల్సిన దానికన్నా ఎక్కువుందని కాయితం రాసిచ్చేరు. అది చదివి నువ్వేం చేసేవు? మనవరాలు పుష్టిగా ఉందని స్కూలువాళ్లే రాసిచ్చేరని పక్కింటి సూర్యకుమారి అత్తకి చెప్పేవు. ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేవు. మర్నాటి నుంచి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి!

కొలిచినందుకు కాదు మామ్మా నా బాధ. వరండాలో అందరి ముందూ నిలబెట్టి, ఎంతొచ్చిందో గట్టిగా చదివేరు. మా క్లాసు హేమంత్ "ఏమే బొండాం, లోపల నీళ్లా, కొబ్బరా?" అన్నాడు. నర్సమ్మగారు కూడా నవ్వేరు. గదిలో కొలవండి అని అడగడానికి నాకు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి డైరీలో మాత్రం పేజీ నిండా తిట్టేను. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ కొలుస్తారట.

బస్సు వచ్చేస్తోంది.

నాగవేణి

పోనీ, రా. దెబ్బలాడకు. గదిలోకి తీసుకెళ్లి కొలవమని నువ్వడుగు, చాలు. వాళ్లు వినకపోతే నా పక్కన నిలబడి నీ కొంగు అడ్డం పట్టు.