వరస లేని పిలుపు

సుధాకర్ గారికి నమస్కారం.

విదేశీ ఆస్పత్రుల్లో పనిచేయబోయే మా నర్సింగ్ పిల్లలకు మీరు తయారుచేసిన పాఠాలే చెబుతున్నాను. రోగులను వరస కలిపి పిలవకూడదని, పేరుకు 'గారు' చేర్చాలని, ఇంటి సంగతులు అడగకూడదని నేర్పాను. ఇక్కడి వార్డులోనే అలవాటు చేయించమన్నారు. చేయించాను.

సోమవారం గట్టు అనే ఊరి నుంచి జమ్ములమ్మ అనే ముసలామె వచ్చి చేరింది. మా విద్యార్థి హెప్సిబాది ఆమె పక్కిల్లే. మాటలు వచ్చినప్పటి నుంచి ఆమెను అవ్వా అని పిలిచిన పిల్ల, మార్కులు వేయడానికి నేను పక్కనే నిలబడ్డానని, "జమ్ములమ్మ గారూ, మీకు ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడిగింది. ముసలామె ఆ పిల్ల ముఖంలోకి కాసేపు చూసి, "ఏం లేదమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారేసరికి ఆయాసం ఎక్కువైంది. గుండెపోటని హైదరాబాద్ పంపారు. అంబులెన్స్ ఎక్కేముందు ఆమె కూతురు హెప్సిబాను పట్టుకుని అడిగింది.

"ఛాతిల నొస్తున్నదని నీకు చెప్దామనుకున్నదంట. నువ్వు ఎవరో తెల్వనట్లు మాట్లాడితివంట. మా మీద ఏం కోపం బిడ్డా నీకు?"

 

మన మనుషులతో ఎలా మాట్లాడాలో కూడా మీ పాఠాల్లో చేర్చండి. అప్పటిదాకా వార్డులో ఈ అభ్యాసం చేయించను. అవ్వ ఇంకా ఐసీయూలోనే ఉంది. ఒక్కదానికి మాత్రం త్వరగా జవాబు రాయండి. పొద్దున హెప్సిబా నన్ను అడిగింది.

"అవ్వ తిరిగొస్తే ఏమని పిలవాలె మేడం?"