ఈక గాలం

రెడ్డిగూడెం,
8-3-87.

ప్రియమైన రాధక్కకి,

నీ ఉత్తరం అందింది. బావకి మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. ఇక్కడ మామిడి తోటలో పిందె బాగానే నిలిచింది. మొన్నటి గాలికి కాస్త రాలిందని నాన్న గొణుగుతున్నాడు గాని, ఆయన గొణగని ఏడు ఎప్పుడుంది? ఇక మా ఇంటి వింత చెప్తాను, కూర్చుని చదువు.

మీ మరిదికి రచయిత కావాలన్న పిచ్చి ఉందని నీకు తెలుసుగా. పెళ్లయిన కొత్తలో కవిత్వం అన్నాడు. తర్వాత కథలన్నాడు. పోస్ట్‌మ్యాన్ పాపం, తీసుకెళ్లినవన్నీ తిరిగి మోసుకొచ్చేవాడు. రెండేళ్ల నుంచి చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చోవడం, ఇంటికొచ్చి దాని గురించి రాయడం. విజయవాడ వారపత్రిక ఎడిటర్‌కి ఏం కరువొచ్చిందో గాని వేస్తున్నాడు. తోట చూసుకుంటాడని నాన్న ఇల్లరికం తెచ్చుకుంటే ఈయన చేపల్ని చూసుకుంటున్నాడు. నాన్న ఆ పత్రిక తెప్పించి, అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టి పైకి చదువుతాడు. "ఆహా, అల్లుడుగారూ! జెల్ల చేప మీసాన్ని ఎంత బాగా వర్ణించారండీ!" అంటాడు. అందరూ పొట్టలు పట్టుకుంటారు. ఈ మనిషి మాత్రం మెచ్చుకున్నారనుకుని తల వంచుకుని ముసిముసిగా నవ్వుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈ మధ్య విజయవాడ పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికిందట. అందులో దొరలు కొండవాగుల్లో నడుంలోతు దిగి, ఎర బదులు కొక్కేనికి కోడి ఈకలు చుట్టి నీళ్ల మీద విసురుతారట. చేప దాన్ని పురుగనుకుని మింగుతుందట. "రాణీ, ఇదే నా దారి. తెలుగులో ఎవరూ రాయలేదు దీని గురించి" అన్నాడు. "మన కొరమేనుకి ఇంగ్లీషు రాదు, చూసుకోండి" అన్నాను.

దానికి పుంజు మెడ ఈకలే కావాలట. ఊళ్లో పుంజులే లేనట్టు, నాన్న పందేల్లో దింపే డేగ పుంజు మెడ ఈకలు పీకాడు! దానికి నాన్న బాదంపప్పు పెట్టి పెంచాడక్కా, మనకి కూడా పెట్టలేదు. ఇక్కడ పుంజుకి పేరు ఈకల రంగుని బట్టేగా. ఆ పేరుని బట్టే నక్షత్రం చూసి బరిలోకి దింపుతారు. మెడ బోడిగా ఉన్నదాన్ని డేగ అని ఎవడొప్పుకుంటాడు? పీకకముందు ఆ ముక్క ఈయనకి తట్టలేదు. ఈక ఈకే కదా అన్నాడు.

నాన్న కేకలెయ్యలేదు. అందుకే నాకు భయం వేసింది. "అల్లుడుగారూ, తీసుకుంటే తీసుకున్నారు. వచ్చే ఆదివారం నలుగురి ముందు ఆ ఈకతో ఒక్క చేప పట్టండి. పట్టారా, ఇంకో పుంజు కూడా మీదే. పట్టలేదా, ఈ ఇంట్లో మళ్లీ కలం ముట్టుకోకూడదు" అన్నాడు. ఈయన సరేనన్నాడు. ఏం జరిగిందీ రాస్తాను.

నీ చెల్లెలు,
రాణి

రెడ్డిగూడెం,
19-3-87.

ప్రియమైన రాధక్కకి,

నువ్వు తిడతావని తెలిసే రాస్తున్నాను.

ఆదివారం చెరువు గట్టంతా జనం. ముసునూరు నుంచి కూడా నాన్న స్నేహితులొచ్చారు. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నీళ్లలో దిగి, ఈకని విసరడం, లాగడం, విసరడం. ఒకసారి తన చెవికే తగులుకుంది. మధ్యాహ్నం దాకా కప్ప కూడా మూతి పెట్టలేదు. అలిసిపోయి గట్టెక్కి, కర్ర పక్కన పెట్టి, తుమ్మచెట్టు నీడన కునుకు తీశాడు. అప్పుడు యలమందకి, అదే మా తోట పాలేరుకి, వంటింట్లోంచి పెద్ద ఎండు చేప తెచ్చిచ్చింది నేనే. వాడు దాన్ని కొక్కేనికి గుచ్చి నీళ్లలోకి జారవిడిచి, "అయ్యగారూ, పడిందండీ! లేవండి, లేవండి!" అని అరిచాడు.

ఆయన లేచి లాగాడు. కర్ర వంగింది. ఎండలో తళుక్కుమంది. ఆ ఒక్క క్షణం ఆయన మొహం చూశానక్కా, పెళ్లిపీటల మీద కూడా అంత వెలగలేదు. తర్వాత ఉప్పు వాసన తగిలింది. గట్టంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆయన ఎండు చేపని జాగ్రత్తగా కొక్కెం నుంచి తీసి, యలమంద చేతికిచ్చి ఇంటికి నడిచాడు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు.

"మొగుడి మీద నీకెందుకే అంత కసి?" అని నీ జవాబులో అడిగావు. ఎవరికీ చెప్పనిది చెప్తున్నాను, నీలోనే దాచుకో.

పోయిన ఏడు కాదు, అంతకుముందు ఏడు కార్తీకంలో నాకు నాలుగో నెల. పెళ్లయిన ఎనిమిదేళ్లకి. నిలిచేదాకా చెప్పొద్దని అమ్మకి కూడా చెప్పలేదు, ఆయనకొక్కడికే తెలుసు. ఒక సాయంత్రం అమ్మా నాన్నా నూజివీడు పెళ్లికెళ్లారు. నాకు నొప్పులు మొదలయ్యాయి. యలమందని చెరువుకి పంపాను. "వస్తున్నానని చెప్పు" అన్నాడట. మళ్లీ పంపాను. అదే మాట. నర్సు జోజమ్మ వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆడపిల్ల. జోజమ్మే గుడ్డలో చుట్టి తీసుకెళ్లింది. తోటలో తూర్పు వరస చివరి చిన్నరసం చెట్టు కింద. ఆయన దీపాలు పెట్టాక వచ్చాడు, చేపల సంచీతో. నాకు జ్వరమని అమ్మకి చెప్పాను. తెలిస్తే నాన్న ఊరుకుంటాడా? వారసుడి కోసమేగా అల్లుణ్ణి తెచ్చుకుంది. నా ఒంట్లోనే లోపముందని ఊరంతా అనుకోవడం నేను భరించలేను. పోయిన ఏడు ఆ చెట్టు కాయ నేను నోట పెట్టలేదు. అమ్మ ఎందుకే అంటే పులుపన్నాను.

అది కూడా మింగానక్కా. కానీ పోయిన నెల పత్రికలో ఆ సాయంత్రం గురించి రాశాడు. అదే కార్తీకం, అదే చెరువు. "నా జీవితంలో అంత ప్రశాంతమైన సాయంత్రం లేదు. నన్ను పిలిచేవాళ్లెవరూ లేరు" అని. నాన్న అరుగు మీద చదువుతుంటే లోపల పప్పు రుబ్బుతూ విన్నాను.

ఇప్పుడు చెప్పు, ఎండు చేప ఎక్కువైందా?

రాణి

విజయవాడ,
26-3-87.

నా రాణికి,

చెప్పకుండా వచ్చేశానని కంగారుపడకు. జి. కొండూరులో దిగి రాధ వదిన ఇంట్లో భోజనం చేశాను. వదిన అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె కింద పెట్టేసి, "మరిదిగారూ, మీరు రాసిన ప్రశాంతమైన సాయంత్రం ఏ రోజో మీకు గుర్తుందా అండీ?" అంది. ఆ తర్వాత అంతా చెప్పింది. ఆవిడ్ని కోప్పడకు, నీ మీద ప్రేమతోనే చెప్పింది.

యలమంద రెండుసార్లు వచ్చిన మాట నిజం. నేను విన్నాను. ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసే కూర్చున్నాను, చూడటానికి ధైర్యం చాలక. కానీ ఆడపిల్లని తెలియదు. ఆ చెట్టు సంగతి తెలియదు. వదిన చెబుతుంటే కంచం పక్కకి జరిపేశాను. వెంటనే కాగితాలడిగి, వాళ్ల వసారాలోనే కూర్చుని రాశాను. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్నది ఇదే రాణీ. జెల్ల మీసాలూ, ఈకలూ, దొరల వాగులూ కాదు. గట్టున కూర్చున్నవాడి వెనక ఏం జరుగుతోందన్నదే రాయాలి. నువ్వే నాకు దారి చూపించావు.

ఎడిటర్ చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "జగన్మోహనరావుగారూ, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ దీన్ని?" అన్నాడు. ఒక్క వాక్యం కొట్టెయ్యలేదు. ఉగాది సంచికలో మొదటి పేజీ. నీ నొప్పులు, జోజమ్మ గుడ్డ, జ్వరమని చెప్పడం, తూర్పు వరస చివరి చిన్నరసం, అన్నీ ఉన్నాయి. నువ్వు పులుపన్నావన్న చోట అయితే, నేను రాశానని కాదు గాని, ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. అత్తయ్యకీ మామయ్యకీ ఎలా చెప్పాలా అని ఇన్నాళ్లూ ఒక్కదానివే కుమిలిపోయావు. ఇక నువ్వు చెప్పక్కర్లేదు.

నేను శనివారం బస్సుకి వస్తాను. పత్రిక నాకంటే ముందే వస్తుంది. ఒక్క విషయంలోనే ఎడిటర్ పట్టుబట్టాడు. "ఆవిడ పేరైనా మార్చండి, బాగుండదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు పడ్డ బాధకి ఇంకెవరి పేరో ఎలా పెట్టనూ?

ఎప్పటికీ నీ
జగన్